ఇంగ్లిషయినా ఫరవాలేదు

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టింది ఆస్పత్రి పార్కింగులో. ఇంజను ఆపని ట్రక్కులో కూర్చుని, లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాక, అద్దం మీద మంచు తుడుచుకుంటూ ఉన్నాను. కొత్తగా అందుకున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓర్చుకోండి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవడం నాకూ సరదా ఏం కాదు.

నా పేరు గిలెన్ రోబితాయ్. చుట్టూ ఇంగ్లిషు వాళ్ళున్న ఫ్రెంచ్ ఊరు బెల్‌రివ్‌లో స్కూలు బస్సు నడుపుతాను. మా నాన్న ఒరెల్ అదే ఊళ్ళో రంపం మిల్లులో జుట్టు నెరిసేదాకా పనిచేశాడు. నవంబరులో పొయ్యిలోకి కట్టెలు తెస్తూ గుమ్మంలోనే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. వాటితో పాటు ఇంకోటి కూడా పోయింది. మిల్లులో దొరల దగ్గర నేర్చుకున్న ఇంగ్లిషు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తల్లి దగ్గర నేర్చిన ఫ్రెంచ్ మాత్రం చెక్కుచెదరలేదు.

నాన్నని ఉంచింది మా ఊరికి మూడు గంటల దూరంలో ఉన్న పట్నం ఆస్పత్రిలో. అక్కడ రోగుల తెలివి అంచనా వేసే మిస్ కెర్న్ అనే ఆవిడ వచ్చి ఆయన్ని ఇంగ్లిషులో ప్రశ్నలడిగింది. ఈయన అన్నిటికీ తలూపాడు. తను ఎక్కడ ఉండాలో తేల్చుకునే తెలివి ఈ మనిషికి లేదని ఆవిడ తేల్చేసింది. తెలివి లేదంటే నిర్ణయం పిల్లలది. పిల్లలం ఇద్దరం, నేనూ, తమ్ముడు రోసేరూ. వాడు దక్షిణాన స్థిరపడ్డాడు, వాడి ఊళ్ళో ఉన్న వృద్ధాశ్రమంలో పెడదామంటాడు. నేను బెల్‌రివ్ ఆశ్రమమే కావాలంటాను. మా ఇద్దరికీ కుదరకపోతే తేల్చేది ప్రభుత్వ సంరక్షకుడు, ఆయన ఇప్పటికే తమ్ముడి వైపు మొగ్గాడు. ఆ దక్షిణాది ఆశ్రమంలో వంటమనిషి దగ్గర్నుంచి పాదిరిగారి దాకా ఒక్కరికి ఫ్రెంచ్ ముక్క రాదు. అక్కడ పడేస్తే నాన్న ఇక చచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

అందుకే ఇలాంటి తీర్పుల్ని మళ్ళీ విచారించే పై మండలికి అర్జీ పెట్టుకున్నాం. మా నాన్నకి తెలివి ఉంది, ఆయన్నే అడగండి, కాకపోతే ఆయన భాషలో అడగండి అని. ఫ్రెంచ్‌లో అడిగించుకునే హక్కు మాకు చట్టంలోనే ఉంది. ఆ విచారణ ఇవాళ. బెల్‌రివ్ ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది, శుక్రవారం దాకా మా కోసం ఆపుతామన్నారు. ఇవాళ బుధవారం. ఇదీ సంగతి.

ట్రక్కు అద్దం మీద ఎవరో ఉంగరంతో టకటకా కొట్టారు. చూస్తే మా మేనత్త దొనాల్దా. నాతోనే ఊరి నుంచి వచ్చి, ఎదురుగా ఉన్న చర్చిలో కొవ్వొత్తి వెలిగించడానికి వెళ్ళింది. తిరిగొచ్చి నన్ను గదమాయిస్తోంది.

"దిగవే, దిగు! ఎంతసేపలా కూచుంటావు? పాపం, వాళ్ళు మన కోసం చూస్తూ ఉంటారు."

"చూడనీ అత్తా. నవంబరు నించీ మనం చూట్టంలేదూ?"

"ఛ, అవేం మాటలు. అంత మంచులో, అంత దూరం నించి వచ్చారు. ఎవరి కొంపలు వాళ్ళకి ఉండవూ?"

అత్త నాన్నకి అక్క. తల్లి పోయాక నాన్నని ఎత్తుకు పెంచింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు, ఏళ్ళ తరబడి పాదిరిగారింట్లో వండిపెట్టింది, మా అమ్మ పోయిన తర్వాత నాన్న ఇంటికొచ్చి చేరింది. అబద్ధమాడి ఎరగదు. ఎవరినీ నొప్పించి ఎరగదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ తెలీదు. చేతిలో ఎర్ర రిబ్బను కట్టిన రేకు డబ్బా ఒకటి పట్టుకుంది. మీగడా వెన్నా పంచదారా ఉడికించి తను చేసే పాకం బిళ్ళలు అందులో ఉంటాయని నాకు వాసనే చెప్పింది.

"నాన్నకా?"

"వాడికెందుకు, షుగరు పెట్టుకుని? ఆ మండలి వాళ్ళకి."

"విచారణ చేసేవాళ్ళకి మిఠాయి పంచుతావా? లంచం అనుకుంటారు అత్తా!"

"పోవే. నాలుగు మిఠాయి బిళ్ళలకి లంచమేంటి?"

ఆస్పత్రి కౌంటరు మీద 'బొంజూర్' అని రాసిన చిన్న జెండా ఒకటి నిలబెట్టి ఉంది. ప్రభుత్వం వారు పంచిన జెండా. ఇక్కడ మీకు ఫ్రెంచ్‌లో సేవ దొరుకుతుందని దాని అర్థం. కౌంటరు వెనకున్న అమ్మాయి నవ్వుతూ "బొంజూర్!" అంది. నేను ఫ్రెంచ్‌లోనే, విచారణ ఎక్కడమ్మా అని అడిగాను. ఆ నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లో మాత్రం కంగారు మొదలైంది. నిజం చెప్పాలంటే అక్కడ ఫ్రెంచ్ వచ్చింది ఆ జెండాకొక్కదానికే. నేను నోరు తెరిచేలోగా అత్త ఇంగ్లిషులోకి దూకేసింది, "ఫరవాలేదమ్మా, ఫరవాలేదు, రెండో అంతస్తే కదా," అంటూ ఆ పిల్ల చేతిలో ఒక బిళ్ళ కూడా పెట్టింది.

విచారణ గది అంటే ఏదో అనుకోకండి. నర్సులు భోజనం చేసే గది. మూలన మైక్రోవేవ్ ఉంది, దాని మీద 'మీ గిన్నెలు మీరే కడుక్కోండి' అన్న కాగితం. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు మిసెస్ హాల్డేన్, తెల్ల జుట్టు, మెత్తటి మాట. ఒక పక్క ముసలి డాక్టరు. ఇంకో పక్క ప్రింగిల్ అనే కుర్రాయన, మెడకి టై సరిగ్గా కుదరక మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. కిటికీ దగ్గర విడిగా మిస్ కెర్న్. నన్ను చూసి లేచి నిలబడింది. అందరూ మంచివాళ్ళే, అదే నా ఖర్మ. ఒక్క దుర్మార్గుడున్నా వాడి మీద పడి గుండెల్లో ఉన్నది కక్కేసేదాన్ని.

నాన్నని చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. గడ్డం గీసి, తల దువ్వి, మిల్లు వాళ్ళిచ్చిన ఆకుపచ్చ టోపీ పెట్టారు. నన్ను చూడగానే ముద్ద మాటల్లోనే అడిగాడు, "రోడ్డెలా ఉంది తల్లీ?"

"బాగానే ఉంది నాన్నా. కలప లారీలే ఎక్కువ."

"వంతెన దిగాక జాగ్రత్త. అక్కడ జారుద్ది."

నిజమే, జారుతుంది. పొద్దున్నే ఒక లారీ పక్కకి పడి ఉంది. ఈ మనిషికా తెలివి లేనిది?

ఇంతలో ఆయన చూపు బల్ల మీదికి పోయింది. కోట్లు, కాగితాలు, మధ్యలో పెద్దావిడ. నాన్న ఎడమ చేత్తో తడుముకుంటూ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నడుం నిటారు చేశాడు. మిల్లు ఆఫీసులోకి దొర పిలిస్తే అలా వెళ్ళేవాడని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

నాతోనూ అత్తతోనూ బైబిలు మీద ప్రమాణం చేయించారు. ఆ తర్వాత మిసెస్ హాల్డేన్ ఇంగ్లిషులో మొదలుపెట్టింది. నేను లేచాను. నా గొంతు స్కూలు బస్సు వెనక సీటు దాకా వినపడే గొంతు, తగ్గించాలన్నా తగ్గదు.

"క్షమించాలి. మేం విచారణ ఫ్రెంచ్‌లో జరపమని అడిగాం. నేనే అర్జీలో అడిగాను."

ఆవిడ పక్కనున్న కాగితాలు తిప్పి చూసింది. "అవునండీ, మొదట అడిగారు. తర్వాత జనవరిలో మా ఆఫీసు నుంచి మీ ఇంటికి ఫోన్ చేశారు. ఇంగ్లిషయినా ఫరవాలేదని కుటుంబం వాళ్ళే చెప్పారట. లేకపోతే మేము ఫ్రెంచ్ వచ్చిన ముగ్గుర్ని ఏర్పాటు చేసేవాళ్ళం."

"మేమా? ఎవరు చెప్పారు?"

ఆవిడ జవాబు చెప్పే అవసరం లేకపోయింది. నా పక్కన అత్త రిబ్బను ముడి విప్పడం, కట్టడం, విప్పడం మొదలుపెట్టింది. ఒక్క పది నిమిషాలు ఆగండని బతిమాలుకుని అత్త మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను.

"నువ్వా అత్తా?"

"మెల్లిగా మాట్లాడవే. రోగులున్నారు."

"నువ్వేనా?"

"ఆ పిల్ల గొంతు ఎంత మెత్తగా ఉందో తెలుసా? ఫ్రెంచ్‌లో మాట్లాడాలని చాలా తంటాలు పడింది పాపం. నాలుగు ముక్కలు మాట్లాడి ఆయాసపడిపోయింది. ఫ్రెంచ్ వాళ్ళే కావాలంటే తలో చోటు నించీ పిలిపించాలండీ, ఆలస్యమవుద్దండీ అంది. మన ఒక్కళ్ళ కోసం అంతమందికి ఇబ్బందెందుకని..."

"ఇంగ్లిషయినా ఫరవాలేదన్నావు."

"అన్నాను."

"కొంప ముంచావు కదే అత్తా! నీకు ఫరవాలేదు, నాకు ఫరవాలేదు. ఆయనకి? ఇంగ్లిషు పోయింది ఆయనకి కదా! ఆయన కోసం కదా ఇదంతా!"

"నాకప్పుడు తోచలేదే," అంది అత్త. "అవతల ఇంగ్లిషు మనిషుంటే నా నోరు దానంతటదే తిరిగిపోతుంది. ఫోను చెవిన పెట్టుకున్నాక ఒరెల్ గుర్తుకే రాలేదు. ఆ పిల్ల ఇబ్బంది పడుతోందే అనే గుర్తుంది." ఆగి, నా వైపు సూటిగా చూసింది. "నన్నంటావు గానీ, మొన్న టైర్ల కొట్లో నువ్వేం మాట్లాడావు? ఆ కుర్రాడు త్రెంబ్లే వాళ్ళ మనవడు, వాడికి ఫ్రెంచ్ రాదా? వాడి పక్కన ఇంగ్లిషు గుమాస్తా నించున్నాడని ఇద్దరూ ఇంగ్లిషు వెలగబెట్టలా?"

మాలో ఎవరిని అడిగినా ఇదే కథ. పెళ్ళి విందులో బంతికి ఇరవై మంది కూర్చుని గోల గోలగా ఫ్రెంచ్‌లో వాదించుకుంటుంటాం. ఎవరిదో ఇంగ్లిషు అల్లుడు వచ్చి చివర్న కూర్చుంటాడు. అంతే, ఇరవై మందీ ఇంగ్లిషులోకి మారిపోతారు. జోకు సగంలో ఉన్నవాడు మిగతా సగం ఇంగ్లిషులో చెప్తాడు, నవ్వు రాకపోయినా సరే. మారకపోతే మర్యాద తెలియని వాళ్ళమని చిన్నప్పుడే మాకు వీపు మీద చరిచి నేర్పారు.

అత్త గోడకి చేరగిలబడింది. ఎనభై దాటిన మనిషి, చర్చికేసుకునే నల్ల కోటులో ఉన్నట్టుండి పిట్టంత అయిపోయింది. "నేను వాడిని పెంచాను గిలెన్. వాడికి చెడు చేస్తానా?" అంది. మైక్రోవేవ్ గది తలుపు తీసుకుని లోపలికి పోయాను.

మిసెస్ హాల్డేన్ మా మొహాలు చూసి పరిస్థితి పోల్చుకున్నట్టుంది. "వాయిదా వేయమంటే వేస్తాను," అంది. "ఫ్రెంచ్ వచ్చిన మండలిని పిలిపించడానికి మూడు వారాలు పడుతుంది. అది మీ హక్కు."

"శుక్రవారం దాటితే మా ఊళ్ళో మంచం పోతుందండీ."

"ఆ సంగతి మా చేతుల్లో లేదు."

"మళ్ళీ అక్కడ ఖాళీ అయ్యేదాకా ఏడాదో రెండేళ్ళో. ఈలోగా ఈ ఆస్పత్రి మా నాన్నని ఉంచుకోదు."

"అర్థమైంది," అందావిడ. నిజంగానే అర్థమైంది, కళ్ళల్లో కనిపించింది. అర్థమై ఏం లాభం? వాయిదా అడిగితే మంచం పోతుంది. అడక్కపోతే నాన్నని రాని భాషలో నిలదీస్తారు.

అప్పుడు ఆ ప్రింగిల్ కుర్రాయన గొంతు సవరించుకున్నాడు. "నాకు కొంచెం ఫ్రెంచ్ వచ్చండీ," అన్నాడు, ఫ్రెంచ్‌లోనే. "వేసవి శిక్షణలో నేర్చుకున్నాను. అభ్యంతరం లేకపోతే ప్రశ్నలు నేనడుగుతాను."

మరియమ్మ తల్లీ! ఆ కుర్రాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. వార్తలు చదివేవాడిలా ఉంది అతని ఫ్రెంచ్, తప్పు లేదు, వేగం లేదు, మా ఊరి వాసన అసలే లేదు. అయితేనేం, ఫ్రెంచే. చాలు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను విదిలించుకోలేదు.

ప్రింగిల్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నాన్న ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. "రోబితాయ్ గారూ, మీరిప్పుడు ఎక్కడున్నారో చెప్తారా?" అని ఫ్రెంచ్‌లో అడిగాడు.

నాన్నకి వినిపించింది. అర్థం కూడా అయింది, ఆ కనుబొమ్మలు నాకు తెలుసు. జవాబు పెదాల దాకా వచ్చింది. అప్పుడు ఆయన చూపు ప్రింగిల్ భుజం మీదుగా మిసెస్ హాల్డేన్ దగ్గరికి పోయింది. అక్కణ్ణుంచి ముసలి డాక్టరు దగ్గరికి, కిటికీ పక్కనున్న మిస్ కెర్న్ దగ్గరికి. ముగ్గురు ఇంగ్లిషు వాళ్ళు కూర్చుని ఉన్నారు గదిలో. నాన్న ఒళ్ళో టోపీ సర్దుకున్నాడు.

"యెస్ సర్," అన్నాడు. "నో ప్రాబ్లమ్."

నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

ప్రింగిల్ కొంచెం తడబడ్డాడు. "ఫ్రెంచ్‌లో చెప్పవచ్చండీ. మీ ఆరోగ్యం ఎలా ఉంది? చెయ్యి ఎలా ఉంది?"

"యెస్ సర్. థాంక్యూ."

"మీ ఊళ్ళో మీ ఇల్లు ఎక్కడ ఉంటుంది?"

"నో ప్రాబ్లమ్, సర్."

"నాన్నా!" అని అరిచాను. "ఫ్రెంచ్‌లో అడుగుతున్నాడు కదా, ఫ్రెంచ్‌లో చెప్పు!"

నాన్న నా వైపు తిరిగి కళ్ళతోనే గదిమాడు. పెద్దవాళ్ళ ముందు గట్టిగా మాట్లాడితే చిన్నప్పుడు గదిమినట్టే. మళ్ళీ వాళ్ళ వైపు తిరిగి, నా తరఫున క్షమాపణ చెప్తున్నట్టు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. నవంబరు నించీ ఇన్ని మందులిచ్చి ఇన్ని పరీక్షలు చేసి ఆయనలోంచి పోయింది ఏదో కనుక్కోవాలని చూశారు వీళ్ళంతా. పోనిది ఏదో ఎవరూ చూడలేదు. రెండు ఇంగ్లిషు ముక్కల్లో ఉన్న ఆ పాడు మర్యాద పోలేదు. బుర్రలో సగం కాలిపోయినా అది మాత్రం పదిలంగా మిగిలింది.

ప్రింగిల్ ముఖం ఎర్రబడింది. చివరి ప్రశ్న అడక్క తప్పలేదు అతనికి. "రోబితాయ్ గారూ, మిమ్మల్ని దక్షిణాన, మీ అబ్బాయి ఊళ్ళో ఆశ్రమానికి పంపాలనుకుంటున్నారు. అక్కడికి వెళ్ళడం మీకిష్టమేనా?"

"యెస్ సర్," అన్నాడు నాన్న. "నో ప్రాబ్లమ్."

మిస్ కెర్న్ తల దించుకుంది. గెలిచానని కాదు, నేను చూశాను, ఆవిడకీ బాధగానే ఉంది.

"అమ్మా," అన్నాను మిసెస్ హాల్డేన్‌తో, "ఒక్క ఉపకారం చెయ్యండి. మీరూ, డాక్టరుగారూ, మిస్ కెర్నూ ఒక్క ఐదు నిమిషాలు బయటికి వెళ్ళండి. మీరు కనిపిస్తుంటే మా నాన్న ఫ్రెంచ్ మాట్లాడడు. అది ఆయన వల్ల కాదు. మా ఎవరి వల్లా కాదు."

ఆవిడ చేతిలో కాగితాలు కింద పెట్టింది. "మండలిలో ముగ్గురమూ స్వయంగా చూడాలి, వినాలి. చట్టం అలా ఉంది, మిస్ రోబితాయ్. నన్ను క్షమించండి."

చట్టం. మా కోసం రాసిన చట్టమూ అదే, మమ్మల్ని కట్టేసిన చట్టమూ అదే. ఎవరితో పోట్లాడేది?

ఇక సిగ్గూ ఎగ్గూ వదిలేశాను. వెళ్ళి నాన్న కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేను బాగా ఒళ్ళున్న మనిషిని, దానికి మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కోటు రెండు వైపులా విప్పి పట్టుకుని, బల్లా బల్ల వెనక మనుషులూ ఆయనకి కనపడకుండా అడ్డం నిలిచాను. నాన్నకి ఇప్పుడు నా మొహం తప్ప ఏమీ కనిపించదు.

"నాన్నా, చూడు. నేనే. ఇంకెవరూ లేరు. మనింట్లో పొయ్యి దగ్గర కూచున్నామనుకో. చెప్పు. నీకేం కావాలి?"

నాన్న కళ్ళు నా మొహమంతా తిరిగాయి. ఎడమ చెయ్యి ఎత్తి నా బుగ్గ మీద పెట్టాడు. మొద్దుబారిన వేళ్ళు, రంపపు పొట్టు ఇంకా గోళ్ళలో ఉందేమో అనిపించే వేళ్ళు. ఫ్రెంచ్‌లో, మా ఊరి ఫ్రెంచ్‌లో, ముద్దగా, గబగబా మాట్లాడాడు. ప్రతి మాటా నాకు స్పష్టంగా తెలిసింది.

"మొహం పీక్కుపోయిందే, తల్లీ. నేను ఊళ్ళో ఉంటే నువ్వు పొద్దునా సాయంత్రం పరిగెత్తుకొస్తావు. నిన్ను నేనెరగనా? మీ అమ్మకి మంచం మీద ఆరేళ్ళు అలాగే చేశావు, నీ కాపురం కాస్తా పోయింది. మీ అత్త చూస్తే ముసలిదైపోయింది. రోసేర్ దగ్గరికి పంపెయ్ నన్ను. వాడు ఆదివారం ఒక పూట వస్తాడు, కూచుంటాడు, పోతాడు. వాడికేం కాదు. నాకు అక్కడ మాట్లాడ్డానికి ఎవరూ ఉండరంటావు. ఉండకపోతే పోనీ. నేను మాట్లాడాల్సింది అంతా మాట్లాడేశాను. నిన్ను ఇంకోసారి తినేయలేను గిలెన్. పంపెయ్."

అలసిపోయి, కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి నా బుగ్గ మీంచి జారిపోయింది.

నేను అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాను. నాన్నకి తెలివి ఉందనడానికి ఇంతకంటే రుజువు లోకంలో ఉండదు. లెక్క వేశాడు, తూచాడు, తేల్చుకున్నాడు. నేను కోరుకున్నట్టే, నేను కోరుకున్న భాషలో. ఉన్నదున్నట్టు చెప్తే మేం గెలుస్తాం. తెలివి ఉన్న మనిషిగా ఆయన మాటే చెల్లుతుంది, ఆ మాట ప్రకారమే దక్షిణాదికి పోతాడు. చెప్పకుండా నోరు మూసుకుంటే తెలివి లేదని తీసేస్తారు, సంరక్షకుడు దక్షిణాదికే పంపుతాడు. ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే మిగిలింది ఒక్కటే దారి. అబద్ధం. ఇంటికి వెళ్తానన్నాడండీ అని ఒకే ఒక్క ముక్క.

నా వెనక ప్రింగిల్ గొంతు వినిపించింది. "క్షమించండి, నాకు అందలేదు. ఆయన... చాలా వేగంగా మాట్లాడారు."

మిసెస్ హాల్డేన్ అంది, "మామూలుగా అయితే కుటుంబం వాళ్ళని అడగకూడదు. కానీ ఇక్కడ ఇంకెవరూ లేరు. మీరు ప్రమాణం చేసి ఉన్నారు, మిస్ రోబితాయ్. మీ నాన్నగారు ఏమన్నారు?"

లేచి నిలబడ్డాను. బల్ల, మైక్రోవేవ్, ముగ్గురి మొహాలు. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఒకే ఒక్క ముక్క, గిలెన్, చెప్పు అనుకున్నాను. నోరు తెరిచాను. ఊపిరి వచ్చింది గానీ మాట రాలేదు.

కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగిన చప్పుడు. దొనాల్దా అత్త లేచింది. ఆవిడకి అక్కడి నుంచి నాన్న చెప్పింది ప్రతి మాటా వినపడింది. రేకు డబ్బా బల్ల మీద పెట్టి, నల్ల కోటు సవరించుకుని, నా వైపు ఒక్కసారి కూడా చూడకుండా, తన చక్కటి ఇంగ్లిషులో ఆ ముగ్గురితో అంది:

"దాన్ని ఇబ్బంది పెట్టకండి. మా తమ్ముడు ఏమన్నాడో నేను చెప్తాను."